నాలుగు గళ్ల కాగితం, మెండోర అవ్వ

బోధన్‌లో చక్కెర ఫ్యాక్టరీ పక్కన పుట్టి పెరిగినవాళ్లకు చెరకు మడ్డి వాసన తెలియదు. బయటి ఊళ్ల చుట్టాలు బస్సు దిగుతూనే ముక్కు మూసుకుంటే, వీళ్లకేమైందని మేం వింతగా చూసేవాళ్లం. నర్సు చదువుకని నిజామాబాద్ వచ్చి, మూడు నెలలు హాస్టల్లో ఉండి, మొదటిసారి ఇంటికి పోయిన రోజు ఆ వాసన నాకు బస్సులోనే గుప్పున కొట్టింది. చేతిరుమాలు ముక్కుకు అడ్డం పెట్టుకుని దిగితే మా బాపు ఎగాదిగా చూసి, "మూడు నెలలకే దొరసానివైనవా బిడ్డా?" అన్నాడు.

అందుకే డెబ్బయిల నడిమిలో, మూడో ఏడాది చదువుతున్నప్పుడు, మా ట్యూటరమ్మ ఆ కొత్త పాఠం మొదలుపెట్టగానే క్లాసులో అందరికన్నా ముందు నాకే అర్థమైందనుకున్నాను. ఆమె గుంటూరు వైపు మనిషి. ఢిల్లీలో పై చదువు చదివి అప్పుడే వచ్చింది. అమెరికాలో ఒక నర్సు రాసిన సిద్ధాంతమట అది. రోగి అంటే మంచం మీది జబ్బు కాదు. చుట్టూ ఉన్నవి మారిపోతే వాటికి సర్దుకోవడానికి పెనుగులాడే మనిషి. ఆ సర్దుకోవడం ఒంటితో జరగాలి, తన గురించి తనకున్న ఊహతో జరగాలి, ఇంట్లో తాను చేసే పనితో జరగాలి, తనవాళ్లతో ఉండే ఇచ్చిపుచ్చుకోవడంతో జరగాలి. ఎక్కడ చిక్కు పడిందో కనిపెట్టి, దానికి కారణమైనదాన్ని మార్చడమే నర్సు పని. "కారణం కళ్ల ముందే ఉంటుందనుకోకండి. వెనక దాక్కునీ ఉండొచ్చు" అని కూడా చెప్పింది. ఆ ఒక్క ముక్కే నేను నోట్సులో రాసుకోలేదు. అంత అవసరం కాదనిపించింది.

ఆమె ఒక్కొక్కరికి ఒక రోగినీ, నాలుగు గళ్లు గీసిన కాగితాన్నీ అప్పగించింది. నా వంతుకు మెండోర వైపునుంచి వచ్చిన అవ్వ పడింది. గోదావరి ఒడ్డున పసుపూ వరీ పండించే ఇల్లు. వాకిట్లో జారిపడి తొడ ఎముక విరగ్గొట్టుకుంది. కాలికి తాడు కట్టి, తాడు చివర బరువులు వేలాడదీసి, మంచం కాళ్ల వైపు ఇటుకల మీద ఎత్తిపెట్టారు. రెండు నెలలు అట్లాగే పడుకోవాలి.

మొదటి వారం అవ్వ ఆ వార్డును ఏలింది. ఆయా మూలలు ఊడ్వడం లేదని కనిపెట్టింది. పక్క మంచంలో చెయ్యి విరిగినామె అన్నం మరీ మెల్లగా తింటోందని మందలించింది. రౌండ్లకొచ్చిన డాక్టరుగారిని, "కాళ్లు మీదికి, నెత్తి కిందికి పెట్టినవు. రక్తమంత నెత్తికి దిగితే నువ్వు జవాబిస్తవా సారూ?" అని నిలదీసింది. నాకైతే, "గా తెల్లటోపి నిలుస్తలేదు పిల్లా. నెత్తికి జర నూనె పెట్టుకో" అని రోజూ చెప్పేది.

నేను సంబరపడిపోయాను. నాలుగు గళ్లలోనూ అందమైన దస్తూరితో "చక్కగా సర్దుకుంది" అని రాసి, అడుగున గీత కూడా గీశాను.

రెండో వారం అవ్వ నోరు మూతపడింది. మొహం గోడవైపు తిప్పుకుంది. ఆస్పత్రి అన్నం ముట్టలేదు. ఇంటి నుంచి వచ్చిన జొన్నరొట్టె అట్లాగే ఎండిపోయింది. జ్వరం లేదు, నాడి బాగుంది. డాక్టరుగారు టానిక్ రాశారు. అవ్వ దాన్నీ పక్కన పెట్టింది.

చుట్టూ ఉన్నవి మార్చమన్నారు కదా, నేను మార్చడం మొదలుపెట్టాను. ఇద్దరు వార్డుబాయిలను బతిమాలి, ఇటుకలతో, బరువులతో సహా ఆ మంచాన్ని కిటికీ దగ్గరికి జరిపించాను. వేపచెట్టు కనబడుతుంది, గాలి వస్తుంది. చెమట తుడుచుకుంటూ, "ఇప్పుడెట్లున్నదవ్వా?" అన్నాను.

"గోడే మంచిగుండె" అంది అవ్వ.

ట్యూటరమ్మ నా కాగితం చూసింది. అవ్వను చూసింది. మళ్లీ కాగితం చూసింది. "ఈవిడ ఇంట్లో ఏం చేస్తుంది?" అని అడిగింది.

"ముసలామె మేడమ్. ఏం చేస్తది?"

ఆమె కోప్పడలేదు. కలం మూత పెట్టి, "తెలుసుకుని రా" అంది. కోప్పడితేనే బాగుండేది.

ఆదివారం అవ్వ కోడలు వచ్చింది. ముప్పయ్యేళ్లుంటాయి. నెమ్మదైన మనిషి. ఆమెను వరండాలోకి పిలిచి అడిగాను.

"పోయిన ఆదివారం నువ్వొచ్చి పోయినకాడినుంచి మీ అత్త అన్నం ముడుతలేదక్కా. ఏమన్న లొల్లి అయిందా?"

"లొల్లా?" ఆమె బెదిరిపోయింది. "ఒక్క మాట అన్లే సిస్టర్. ఇంట్ల అంత మంచిగున్నది, పసుపు తవ్వుడు అయిపోయింది, ఉడికిచ్చుడు మొదలువెట్టినం, నువ్వేం రంది పెట్టుకోకు అత్తా అన్న. గంతే."

"ఉడికిచ్చుడు ఏటా ఎవలు జూస్తరు?"

"అత్తనే. ఆమె సెప్పందే కొప్పెర పొయ్యి మీదికెల్లి దిగది. నేను కాపురానికొచ్చి పదేండ్లాయె, ఒక్కనాడు గూడ ఇంకొకల్లు సెప్పలే."

ఆ మాట వినగానే నా కళ్లముందు ఆ ఆదివారం మెదిలింది. అవ్వ లేకుండానే కొప్పెర దిగింది. పసుపేమీ పాడవలేదు. ఆ శుభవార్తను ప్రేమగా మోసుకొచ్చి చెప్పింది కోడలే.

"అక్కా, ఒక పని జెయ్యి. పసుపు ఎట్ల ఉడికియ్యాలో ఆమెను అడుగు."

కోడలు మొహం ఎర్రబడింది. "నాకు తెల్వదని సెప్పాల్నా? ఊళ్లె ఎర్కయితె నవ్వరా?"

"ఊళ్లె ఎవలు సెప్తరు? ఇది దవాఖాన."

ఆమె చాలాసేపు కొంగు చివర మెలితిప్పి, సరేనంది. లోపలికి పోయి మంచం పక్కన నిలబడి, బడిపిల్ల పాఠం అప్పజెప్పినట్లు ఒక్క ఊపిరిన అంది: "అత్తా, పసుపు సరిగ ఉడుకుతలేదు. ఏం జెయ్యాలె?"

ఇంత అధ్వానంగా అబద్ధమాడే మనిషిని నేనెప్పుడూ చూడలేదు.

అవ్వ మొహం ఇటు తిప్పకుండానే, "ఆకు కప్పిండ్రా?" అంది.

కోడలు నావైపు చూసింది. నేను తల అడ్డంగా ఊపాను.

"కప్పలే."

"కప్పలేదా!" అవ్వ ఎంత జోరుగా ఇటు తిరిగిందంటే, కాలికి వేలాడుతున్న బరువులు ఉయ్యాలలూగాయి. నేను ఉరికి తాడు పట్టుకున్నాను. "ఆకు కప్పి, మీదికెల్లి గోనెసంచి ఎయ్యకపోతె ఆవిరి ఆగుతదా? పదేండ్లసంది ఏం జూసినవ్? నురుగు పొంగాలె. ఆవిరి వాసన మారాలె. అప్పుడు చీపురుపుల్ల గుచ్చి సూడు. మెత్తగ దిగితెనే దించుడు. ముందుగాల దించినవో, కొమ్ము లోపట తెల్లగనే ఉంటది!"

వార్డు మొత్తం వింది. అటు మూల మంచంలోని ఒకామె తమ ఊళ్లో సంచి వెయ్యరని అనబోయి, అవ్వ చూపు పడగానే దుప్పటి సర్దుకుంది. అరగంట తిట్టి తిట్టి అలసిపోయి అవ్వ ఒకటిన్నర రొట్టె తిన్నది.

ఆ తర్వాత కోడలు వచ్చినప్పుడల్లా గుడ్డలో మూటగట్టి ఉడికిన కొమ్ములు తెచ్చేది. అవ్వ పడుకునే వాటిని విరిచి, వాసన చూసి, తీర్పు చెప్పేది. ఆస్పత్రి దుప్పట్లు పచ్చగా మారాయి. వార్డు సిస్టర్ ఆ దుప్పట్లు చూసి కేకలేసింది, అవ్వను కాదు, నన్ను. ట్యూటరమ్మ ఆ పచ్చ మరకలను చూసి నవ్వు ఆపుకుంటూ, "మా వైపు కూడా పసుపు పండిస్తారండీ" అంది.

"సూసిన," అంది అవ్వ. "రంగుండది."

నేను మళ్లీ నాలుగు గళ్లు నింపాను. మూడో గడిలో చోటు చాలక కాగితం వెనక కూడా రాశాను. ఎంత తెలివిగా కారణం కనిపెట్టానో, ఎంత చాకచక్యంగా ఒక ముసలమ్మను తిండి తినేలా చేశానో అని లోలోపల మురిసిపోయాను.

ఇంటికి పంపడానికి రెండు రోజుల ముందు, అవ్వకు తల దువ్వుతున్నాను.

"పిల్లా, ఆకు కప్పలేదని నా కోడలికి నువ్వే నేర్పినవా?"

దువ్వెన ఆగిపోయింది.

"నాకు గప్పుడే ఎర్క. అది ఆకు కప్పుడు మరిసే మనిషా? నా కన్న మంచిగ ఉడికిస్తది."

"మరి ఎర్కుండి గన్ని తిట్లు ఎందుకు తిట్టినవవ్వా?"

"అడిగింది గద. అడిగితె సెప్పొద్దా?" దుప్పటి మీది పచ్చ మరకను వేలితో గీకింది. తర్వాత మెల్లగా అంది: "అడిగితె మంచిగనిపిచ్చింది."

అప్పుడు నాకు సిగ్గేసింది. నేనూ కోడలూ కలిసి అవ్వను సర్దుకునేలా చేశామనుకున్నాం. ఇద్దరు ఆడపిల్లలు తనకోసం పడుతున్న తంటాలు చూసి, అవ్వే మాతో సర్దుకుంది. దాన్ని ఏ గడిలో రాయాలో తెలియక ట్యూటరమ్మకే చెప్పాను. ఆమె విని, కిటికీలోంచి బయటికి చూసి, "మా అమ్మకు ఉత్తరం రాసి చాలా రోజులైంది" అంది.

అవ్వ ఎముక అతికింది. ఆ కాలు రెండు వేళ్ల మందం పొట్టిదైంది. ఇక కర్ర లేకుండా నడవలేనని డాక్టరుగారు చెప్తే, "కర్ర ఉంటె మంచిదే సారూ, సూపియ్యనీకె అక్కరకొస్తది" అంది. కొడుకు జీపు మాట్లాడుకొచ్చాడు. అవ్వను ముందు సీట్లో కూర్చోబెట్టి, నేనూ కోడలూ మెట్ల దగ్గర నిలబడ్డాం. కోడలు నా చెయ్యి పట్టుకుని, చెవిలో అంది:

"పసుపు అయిపాయె సిస్టర్. వడ్లకు ఏం తెల్వదని అడగాల్నో సోంచాయిస్తున్న."

జీపులోంచి కర్ర చప్పుడైంది. "ఏం గుసగుసలే? ఎండ ముదురుతున్నది, ఎక్కు!" అని అవ్వ కేకేసింది. కోడలు నవ్వు కొంగులో దాచుకుని పరుగున పోయి ఎక్కింది.