నాన్న ముఖం, పరాయి గొంతు

ఆదివారం, మధ్యాహ్నం. ఇందాక టీవీలో మా నాన్న నటించిన పాత సినిమా వచ్చింది. అందుకే ఆలస్యం చేయకుండా, నాన్నను ఎరిగిన మీ అందరికీ రాస్తున్నాను.

నాన్న నెల్లిమర్లలో పగలు బడిపంతులు, సాయంత్రం నాటకాల మాస్టారు. మా ఇంట్లో పోపు వాసన కంటే ముందు, మీసాలు అంటించే జిగురు వాసన తగిలేది. అరుగు మీద మిల్లు కుర్రాళ్లకు నటన నేర్పేవారు. "ఒరే, ఆకరి వరసలో ముసిలమ్మకి ఇనబడాల. అరవకు, ఇనిపించు!" అనేవారు. మీలో కొందరు ఆ అరుగు మీద నిలబడినవారే, గుర్తుందా?

ఆ సినిమా మా ఊరి హాలుకు వచ్చినప్పుడు అందరం వెళ్లాం. తెర మీద నాన్న నోరు తెరిచారు. ఎవరిదో గొంతు వచ్చింది.

"ఏటండీ, మీ గొంతేటైపోనాది?" అంది అమ్మ.

"మన యాస ఆళ్లకి పనికిరాదంట. మొకం సాలంట" అని నవ్వారు నాన్న.

ఆయన పోయి చాలా ఏళ్లయింది. ఆయన మాట రికార్డు చేసినది మా ఇంట్లో ఒక్కటీ లేదు. ఇప్పుడు కళ్లు మూసుకుంటే పెదవులు నాన్నవి, మాట ఆ పరాయివాడిది. చిన్నప్పుడు నన్ను అన్నానికి పిలిచిన పిలుపు కూడా ఆ గొంతులోనే వినిపిస్తోంది.

కనుక జరగవలసినవి:

1. నాన్న శిష్యులు అటకల మీద పాత నాటకాల క్యాసెట్లు ఈ వారమే వెతకాలి.

2. దొరికితే పాత టేప్ రికార్డర్‌లో వేయవద్దు, రీలు తెగుతుంది. నాకు చెప్పండి, మా మనవడు వచ్చి జాగ్రత్తగా కంప్యూటర్‌లోకి ఎక్కిస్తాడు.

3. క్యాసెట్ లేనివారు, ఆయన మిమ్మల్ని తిట్టిన ఒక్క తిట్టయినా ఆయనలాగే పలికి పంపాలి. అది ఆయన గొంతో కాదో నేను చెప్పగలిగి ఉండగానే పంపాలి.