గాజులు పెట్టిన ఊరి పటం

పోయిన వారం నంద్యాలలో, గ్రామాల్లో పనిచేయడానికి కొత్తగా చేరిన పిల్లలకు శిక్షణ ఉందంటే రిటైరైన నన్నూ పిలిచారు. ఒకమ్మాయి ఫోను తెరిచి ఒక ఊరి పటం చూపించింది. ఏ ఇంటికి కుళాయి ఉందో, దేనికి లేదో రంగురంగుల చుక్కల్లో కనిపిస్తోంది. "మీ కాలంలో ఇట్లాంటివి ఏముండేవి మేడమ్?" అనడిగింది. "కోళ్లుండేవమ్మా" అన్నాను. ఆ పిల్ల మర్యాదకి నవ్వింది.

అప్పట్లో నా ఆస్తంతా ఒక గుడ్డసంచి, అందులో శిక్షణలో ఇచ్చిన ఒక పుస్తకం. ఊరి పటాన్ని ఊరివాళ్ల చేతే నేల మీద గీయించాలనీ, ఇండ్లకు గుర్తుగా గింజలు పెట్టించాలనీ అందులో ఉంది. నాకది వేదం. ఆళ్లగడ్డ దగ్గర ఒక పల్లెకు కుళాయిలు మంజూరయ్యాయి. మధ్యాహ్నం ఇంజనీరు వచ్చి మా పటం చూసి రాసుకుంటాడు. పటంలో ఉన్న ఇంటికే కుళాయి. పొద్దున్నే పొదుపు సంఘం ఆడవాళ్లు కళ్లాపి చల్లి, ముగ్గుపిండితో వీధులు గీసి, ఓటర్ల జాబితా ప్రకారం కందులూ శనగలూ పెట్టారు. ఆ అందం చూసి మురిసిపోయి నేనే అందరినీ టీకి లేపాను. తిరిగొచ్చేసరికి కోళ్లన్నీ కలిసి సగం ఊరిని మేసేశాయి. పుస్తకంలో కోళ్ల సంగతి ఒక్క ముక్క లేదు. ఇంజనీరు వచ్చే వేళైంది, నాకు ఏడుపొక్కటే తక్కువ.

అప్పుడే గాజులు గుచ్చిన దండల మలారం భుజానేసుకుని గాజులత్త వచ్చింది. ఆళ్లగడ్డ నుంచి వారానికోసారి వచ్చి గాజులమ్ముకునే సాయిబుల ఇంటి మనిషి. ఆమె ముందు చెయ్యి చాపని ఆడమనిషి ఆ ఊళ్లో లేదు.

"ఏందీ, అట్ల నిలబడుకున్యావ్?" అంది. చెప్పాను.

"గింజలు ఎవురు పెట్టమన్యారు నిన్ను? జరుగు" అంటూ మలారం విప్పింది. ఇంటికో గాజు పెట్టుకుంటూ పోయింది, అదీ ఆ ఇల్లాలి చేతి కొలతకు సరిపోయేది. వీధులన్నీ అయ్యాక, ముగ్గు దాటి వట్టి నేల మీద ఇంకో ఆరు గాజులు పెట్టింది.

"ఆడ ఇండ్లు లేవత్తా. జాబితాలో లేవు."

"నీ జాబితా వంక దాటిందా ఎప్పుడన్నా? నేను పోతాండా. ఆడా చేతులుండాయి."

ఆ ఆరు గాజులు ఎవరివో అప్పుడు అడిగి తెలుసుకున్నాను. అడవి నుంచి దిగొచ్చి, ఊరి పక్కన పారే వంక అవతల గుడిసెలు వేసుకున్న ఆరు కుటుంబాలవి. వంకలో చెలమ తవ్వుకుని ఆ నీళ్లే తాగేవాళ్లు. పటం గీయడానికి వాళ్లనీ పిలవాలని నాకు తోచనే లేదు. కోళ్లు రాకపోతే ఆ పటమే ఇంజనీరు చేతికి వెళ్లేది.

ఆయన వచ్చి అడిగిన మొదటి ప్రశ్న ఆ ఆరింటి గురించే. ప్యాంటు పైకి మడిపించి వంక దాటించాను. తిరిగొచ్చి ఆరూ రాసుకున్నాడు. ఇక ఆడవాళ్లు కేరింతలు కొడుతూ ఎవరి గాజు వాళ్లు తొడుక్కున్నారు. ఎక్కించుకున్న గాజు వాపసు తీసుకోనని అత్త ముందే చెప్పేసింది. వంక అవతలి ఆరూ అత్త పక్కన పెట్టాక, నాకు రోజూ అన్నం పెట్టే సంఘం లీడరు ఇంటి గుర్తు దగ్గర మాత్రం ఒకటి అదనంగా మిగిలింది.

"ఇదెవరిదత్తా?"

"నీదేలే. యాడ కూడు తింటాండావో అదే నీ ఇల్లు."

ఆ ఎండాకాలమే వంక అవతలా కుళాయి తిప్పారు. ఆ గాజు పోయిన వారం శిక్షణలో కూడా నా సంచిలోనే ఉంది. లావెక్కిన నా చేతికి ఎప్పుడో పట్టడం మానేసింది. ఈ కథంతా చెప్పి, దాన్ని తీసి ఆ ఫోనమ్మాయికి తొడిగాను, కొలత తీసినట్టు సరిపోయింది. "చుక్కలు తర్వాత పెడుదువు, ముందు వంక దాటి రా" అన్నాను. ఇన్నేళ్లూ నాదే అనుకున్న గాజును కాలం ఆ పిల్ల కోసం దాచి ఉంచిందని అప్పుడు తెలిసింది.