భుజం చూసి వీణ చెక్కిన మోనప్పాచారి

గద్వాలలో వీణలు చేసే మోనప్పాచారి కాలధర్మం చెందాడు. నా వీణను బొంతలో చుట్టి ఆయన దగ్గరికే బయలుదేరుదామని స్టేషనుకు బండి కట్టిస్తున్న పూట, గద్వాల సంతకు పోయొచ్చిన మనిషొకడు వనపర్తిలో మా వాకిట నిలబడి "పంతులూ, ఆచారి పోయిండు. మూడొద్దుల జరం, గంతే" అన్నాడు. ఏ తప్పూ లేని బండివాడి మీద అరిచి ఎడ్లను విప్పించాను. ఏడవడానికి కూడా ఓపిక లేకపోయింది.

ఆ మహాశిల్పి నాదం గురించి ముందుగా మాట్లాడేవాడు కాదు. మనిషిని కూర్చోబెట్టి చూసేవాడు. వీణ కుండ, అంటే నాదం పలికే గుండ్రని డొల్ల, పెద్దదైతే మంద్రస్థాయి గంభీరంగా మోగుతుంది, సభలో చూపుకు నిండుగా ఉంటుంది. కాని కుడిచెయ్యి ఆ కుండ అంచు మీద ఆని, గంటల తరబడి తీగల మీద ఆడాలి. శాస్త్రాలు వల్లించిన మాబోటి వాళ్లం ఆ చేతి సంగతి ఎన్నడూ ఆలోచించలేదు.

గోపాల్‌పేట దొర ఒకాయన తన బిడ్డకు అందరికన్నా పెద్ద కుండ పెట్టి, దంతపు నగిషీతో వీణ చెయ్యమని వచ్చాడు. బక్కపల్చని పిల్ల. ఆచారి ఆమె ఒడిలో తన దగ్గరున్న పెద్ద వీణను పెట్టి చూశాడు. మోచెయ్యి చెవిదాకా లేచింది. "దొరా, గిట్లయితే బిడ్డ వీణను వాయించదు, వీణనే బిడ్డను వాయిస్తది" అన్నాడు. దొర మండిపడి లేచిపోయాడు. మళ్లీ నెల తిరక్కుండా వచ్చి చిన్న కుండకే ఒప్పుకున్నాడు.

ఇక నా సంగతి. నాగర్‌కర్నూలు దారిలో బండి బోల్తాపడి నా కుడిభుజం విరిగింది. దవాఖానలో కట్టు కట్టారు, ఎముక అతికింది, చెయ్యి మాత్రం మునుపటంత లేవలేదు. వీణ పాఠాలు చెప్పడం నా బతుకు. వీణ లేకపోతే నేనెవరిని? ఆరు నెలలు వీణ గోడకు ఆని ఉంది. చివరికి దాన్ని మోసుకొని గద్వాల పోయాను.

ఆచారి వీణ వైపు చూడనే లేదు. "రుమాలు విప్పి మళ్ల చుట్టుండ్రి" అన్నాడు. చుట్టాను. మళ్లీ చుట్టమన్నాడు. మూడోసారి నాకు ఒళ్లు మండింది.

"ఏందయ్యా, వీణ పని మీద వస్తే తలపాగాలు చుట్టిస్తున్నావు?"

"జర ఆగుండ్రి. చెయ్యి యాడ మొరాయిస్తున్నదో సూస్తున్న."

తర్వాత బొగ్గు ముక్కతో నా వీణ కుండ మీద, ముంజెయ్యి ఆనేచోట, వాలుగా ఒక గీత గీశాడు. అంతమేర కర్ర తీసేసి పలుచని పలక అతికిస్తాడట. అది మా నాయన వాయించిన వీణ. పూర్ణచంద్రునిలాంటి కుండ. ఆ గీత మీద చెయ్యి అడ్డం పెట్టాను.

"అందం పోతది గద ఆచారీ!"

"పోతది. నాదం గూడ జర తగ్గుతది. చెయ్యి మిగుల్తది. మీకేది గావాల్నో మీరే జెప్పుండ్రి."

చెప్పడానికి నాకు రెండు రోజులు పట్టింది. తలూపాను గాని మనసారా కాదు. ఆచారి కోసి పలక అతికించిన వీణతో తిరిగొచ్చాక ఒక పెళ్లిలో ఎవరో "పంతులు వీణను ఎల్క కొరికిందా ఏంది?" అన్నారు. అందరూ నవ్వారు. నేను తల దించుకొని మొదలుపెట్టాను. మంద్రంలో మునుపటి హుంకారం లేదు, నిజమే. పైస్థాయి మాత్రం తేటగా పలికింది. గంట గడిచినా భుజం నొయ్యలేదు. ఆ పూట నాకు పోయిన ప్రాణం తిరిగొచ్చింది.

ఈ ఏడు వయసు మీదపడి భుజం మళ్లీ దిగింది. కబురు పంపితే "తీస్కరాండ్రి, ఇంకో వాలు తీద్దాం" అన్నాడట. ఆ పని మీదే బయలుదేరబోయాను.

కర్మలయ్యాక, కొడుకైనా చేస్తాడేమో అనుకుంటూ వీణతో సహా గద్వాల పోయాను. ఆయన కొడుకు ఈరన్న, బండిచక్రాలు చేస్తాడు, మంచి పనివాడు. నా వీణను ఒడిలో పెట్టుకొని చాలాసేపు నిమిరాడు.

"కొయ్యమంటే కోస్త అయ్యా. గాని ఎంత కొయ్యాలె, యాడ ఆపాలె, నాకు తెల్వదు. నాయిన కట్టెపుల్లతోని కొల్వకపోతుండె, మనిషిని సూసి చెప్తుండె. ఎక్కువ కోస్తే వీణ ఆగమైతది."

అబద్ధం చెప్పి ఉలి పట్టనందుకు ఆ పిల్లగాడికి నమస్కారం. వీణను మళ్లీ బొంతలో చుట్టాడు, స్టేషను దాకా తనే మోశాడు.

ఆచార్యా, నీవంటి చూపు ఇక ఈ సీమలో పుట్టదని రాయడం రివాజు. నాకు రివాజుతో పని లేదు. ఇవాళ పొద్దున పల్లవి సగంలో భుజం పట్టేసింది. పిల్లలు నా చేతివంక చూశారు. మిగతా సగం నోటితో పాడి చెప్పాను.