పండగ దాటిన ఉపవాసం

బాపట్ల నుంచి ఢిల్లీ వచ్చి ప్రభుత్వ కార్యాలయంలో గుమస్తాగా చేరేనాటికి పౌలురాజు లావుగా ఉండేవాడు. సెక్షన్‌లో అందరూ మోటూ అని పిలిచేవారు. వాళ్ళతోపాటు అతనూ నవ్వేవాడు. లావు మనిషికి నవ్వక తప్పదు.

భార్య జయశీల ఆసుపత్రిలో నర్సు. సరోజినీ నగర్ క్వార్టర్‌లో కాపురం. ఆదివారం హిందీ వాళ్ళ ఆరాధన అయ్యాక అదే చర్చిలో తెలుగు సంఘం కూడేది. మంచి శుక్రవారం నాడు యేసు శ్రమల నాటకం వేయడం ఆ సంఘం ఆనవాయితీ. పౌలురాజుది ఎప్పుడూ రోమా సైనికుడి వేషమే.

ఎనభై ఒకటిలో, క్రీస్తు వేషం కట్టే ఆయనకు హైదరాబాదు బదిలీ అయింది. గొంతు బాగుంటుందని జక్కయ్య పాస్టరుగారు పౌలురాజును అడిగారు.

"ఆ పొట్టతో ఎక్కితే సిలువ ఆగుద్దా అయ్యగారూ?" అంది నాటకానికి దుస్తులు కుట్టే సరళకుమారి. అందరూ నవ్వారు. పౌలురాజూ నవ్వాడు.

ఈస్టరుకు ముందు నలభై రోజుల శ్రమకాలమంతా ఒంటిపూట తిన్నాడు. ఆ ఏడు పొట్ట పోయింది. మరుసటి ఏడు మజ్జిగతో గడిపాడు. సిలువ దగ్గర పైవస్త్రం తీసేసరికి పక్కటెముకలు కనిపించాయి. ఆడవాళ్ళు ఏడ్చారు. భక్తంటే ఇదీ అని పాస్టరుగారు ప్రసంగంలో చెప్పారు. సెక్షన్‌లో "వాహ్ యార్, హీరో బన్ గయా!" అన్నారు. తన ఒంటిని చూసి మనుషులు నవ్వకపోవడం అతని ఎరుకలో అదే మొదలు.

ఈస్టరు విందులో పౌలురాజు అందరికీ వడ్డించాడు. తను కూర్చోలేదు. ఆ తర్వాత కూడా టిఫిన్ డబ్బా సెక్షన్‌ వాళ్ళకు పంచేవాడు. స్నానం చేస్తూ పొట్టమీద చర్మాన్ని వేళ్ళతో పట్టి చూసుకునేవాడు.

"ఇంకా ఉపవాసమేనా?" అంది జయశీల, ఎండలు ముదిరాక.

"ప్రభువు కోసమే కదా."

"పండగయిపోయిందండీ. ఆయన లేచాడు కూడా. మీరే లేవట్లేదు."

తన ఆసుపత్రికే తీసుకెళ్ళింది. డాక్టరు క్షయ ఉందేమోనని వెతికి, లేదని తేల్చి, నెయ్యి, పెరుగు తినమన్నాడు. మగవాడు కావాలని తిండి మానేస్తాడని ఆయనకు తోచలేదు. జయశీలకూ అప్పటికి తోచలేదు.

చలికాలంలో ఒక సోమవారం, బట్టలు నానబెడుతూ అతని చొక్కా జేబు తడిమింది. ముందురోజు ఆరాధనలో ప్రభువు బల్ల దగ్గర పాస్టరుగారు ఇచ్చిన రొట్టె ముక్క దొరికింది. గోరంత ముక్క. బట్టలు అలాగే వదిలేసి లేచింది.

రుమాలులో పెట్టి పాస్టరుగారికి చూపించింది.

"ఆయన మీ చేతుల్లోంచి తీసుకుని జేబులో వేసుకున్నారండీ. ఇది కూడా మింగలేకపోయారు."

జక్కయ్యగారు ముక్కను చేతిలోకి తీసుకున్నారు. "భక్తనుకున్నానమ్మా."

"నేనూ అనుకున్నానండీ. ఇలాంటి మనిషి వార్డుకొస్తే ముందు మంచం చూస్తాం. మనం సిలువెక్కిస్తున్నాం."

ఆ సాయంత్రం ఆయన క్వార్టర్‌కు వచ్చారు. టీ తాగి, నెమ్మదిగా చెప్పారు.

"ఈ ఏడు వేషం ఇంకొకరికి ఇద్దామనుకుంటున్నా పౌలురాజూ."

పౌలురాజు పొట్ట తడుముకున్నాడు.

"నేను లావయ్యానా అయ్యగారూ?"

చొక్కా కాలరు మెడ చుట్టూ వదులుగా వేలాడుతోంది. పాస్టరుగారు చెప్పాలని సిద్ధం చేసుకొచ్చిన వాక్యాలేవీ పనికిరాలేదు.

"లేదు నాయనా," అన్నారు చివరికి. "నువ్వు చిక్కిపోతుంటే మేం మెచ్చుకున్నాం. అది మా తప్పు."

"తింటే మళ్ళీ నవ్వుతారండీ."

అలా జరగదని ఆయన అనలేకపోయారు. సంఘం ఆయనకు తెలుసు.

జయశీల ముగ్గురికీ కంచాలు పెట్టింది. "మీరూ కూర్చోండి అయ్యగారూ. ఆయన కంచంలోకి మాత్రం చూడకండి."

పాస్టరుగారు చూపు గోడవైపు తిప్పుకుని, గుంటూరులో మిరపకాయల ధర గురించి ఏదో మాట్లాడసాగారు. పౌలురాజు పప్పన్నం చాలాసేపు కలిపాడు. ఒక ముద్ద నోట్లో పెట్టుకున్నాడు. కళ్ళు మూసుకుని మింగాడు.

రెండో ముద్ద ఎత్తలేదు. జయశీల బలవంతపెట్టలేదు. తన అన్నం తను తినేసి కంచాలు తీసింది. మరునాడు డ్యూటీ మార్చుకుని, అతను ఆఫీసు నుంచి వచ్చే వేళకు మళ్ళీ రెండు కంచాలు పెట్టుకుని కూర్చుంది.