బావ చెయ్యి ముంచితేనే

అడవిలో ఉన్న ఆ విశ్రాంతి నిలయానికి జనం ఏ పనీ చెయ్యకుండా ఉండడానికి వస్తారు. వాళ్ళకు వండి పెట్టేది నేను, స్నానాల తొట్లు చూసేది మా బావ. భూమిలోంచి ఉబికే వేడినీళ్ళకు వాగునీళ్ళు కలిపి, చెయ్యి ముంచి చూసి, తలూపుతాడు. ఆయన తలూపందే ఎంత పెద్దమనిషయినా తువ్వాలు చుట్టుకుని చలిలో నిలబడాల్సిందే. ఇరవై రెండేళ్ళలో ఆయన చెయ్యి ఒక్కసారీ తప్పలేదు. ఆ సంగతి రోజుకు రెండుసార్లు ఆయనే చెబుతాడు.

మొన్న ఇంట్లో మరుగుతున్న పాలగిన్నెను వట్టి చేతుల్తో దించి, నిమ్మకు నీరెత్తినట్టు కూర్చున్నాడు. వేళ్ళ మీద బొబ్బలు మా అక్క చూసిందాకా ఆయనకు తెలియలేదు. పదేళ్ళ షుగరు మరి.

"ఈ చేత్తోనా మీరు నీళ్ళు చూసేది? ఎవరో ఒకరు ఉడికిపోతారు. మేనేజరుగారికి చెప్పండి," అంది అక్క.

"కోడిగుడ్డు మీద ఈకలు పీకకు," అన్నాడు బావ.

ఆ పని పోతే ఆయనకు ఇంకో పని రాదు. అదీ భయం. పైగా ఆ వారం వాగు సన్నబడి చల్లనీళ్ళు సగమే వస్తున్నాయి. నాకు ఒళ్ళు మండింది. నేనే చెప్పేస్తానన్నాను.

"నువ్వు చెబితే చాడీ అవుతుందిరా. ఆయన నోటితో ఆయనే చెప్పాలి," అంది అక్క.

మర్నాడు పొద్దున్నే మా వెంట వచ్చింది. తొట్టి దగ్గర తొమ్మిదిమంది వరసగా నిలబడి ఉన్నారు. బావ చెయ్యి ముంచాడు, తలూపాడు. ముందున్న ముసలాయన అడుగు వెయ్యబోయాడు. అక్క ఆయన్ని పక్కకు జరిపి, చెప్పు విడిచి, తన కాలు పెట్టింది.

అరవలేదు. మొండితనంలో ఆ ఇద్దరికీ జోడీ భలే కుదిరింది. కాలు బయటికి తీసేసరికి చీలమండ దాకా ఎర్రగా కమిలిపోయింది.

బావ ఆమెను గట్టున కూర్చోబెట్టి, కాలు ఒళ్ళో పెట్టుకుని, చెంబుతో వాగునీళ్ళు పోశాడు.

"మంటగా ఉందా?"

"ఉండదా మరి?"

బావ చెంబు కింద పెట్టాడు. తర్వాత తలెత్తి తొమ్మిదిమందికీ వినబడేలా చెప్పాడు.

"ఎవరూ దిగకండి. నా చేతికి వేడి తెలియడం లేదు. ఏడాదయింది. అలవాటు కొద్దీ కలుపుతున్నాను."

మాకు తెలిసింది ముందురోజే. అప్పటిదాకా బిగబట్టుకున్న అక్క ఆ మాటకు ఏడ్చింది.