వీరవేణి గారి ఆయ్

వీరవేణితో వచ్చిన చిక్కల్లా ఒక్కటే. ఎవరేమన్నా "ఆయ్" అంటుంది.

పెళ్ళిచూపుల్లోనే దుర్గేష్‌కు ఈ సంగతి తెలిసొచ్చింది. రాజోలులో వాళ్ళ వసారాలో కూర్చుని, "నేను నచ్చేనాండీ?" అని అడిగాడు.

"ఆయ్."

అనుమానమొచ్చింది. "నచ్చలేదాండీ?"

"ఆయ్."

మూడోసారి అడిగే ధైర్యం లేక పెళ్ళి చేసేసుకున్నాడు.

తర్వాత ఆమె నర్సు ఉద్యోగానికి మస్కట్ వెళ్ళింది. అతను రొయ్యల చెరువులు చూసుకుంటూ ఇక్కడే ఉండిపోయాడు. అక్కడ హెడ్‌నర్సు "పండగ డ్యూటీకి ఎవరొస్తారు?" అనగానే, విన్నానన్నట్టు మనావిడ "ఆయ్" అంది. హెడ్‌నర్సు చెవికి అది "ఐ" అని వినబడింది. ఇంగ్లీషులో 'నేను' అని అర్థమాయె! అలా అక్కడున్నన్నాళ్ళూ పండగలన్నీ ఐసీయూలోనే చేసుకుంది. దాంతో పనిలో ఎంత ఆరితేరిందంటే, స్కాట్లాండు నుంచి ఇంటర్వ్యూకి పిలుపొచ్చింది.

"వెళ్ళమంటారాండీ?" అని ఫోన్లో అడిగింది.

ఇక ఇంటికొచ్చేస్తుందని గోడలకు రంగులు కూడా వేయించిన దుర్గేష్, "ఆయ్" అన్నాడు.

స్కాట్లాండులో అవుననడానికి "ఆయ్" అంటారట. ఆమె నోట ఆ మాట వినగానే ఇంటర్వ్యూవాళ్ళు మొహమొహాలు చూసుకున్నారు.

"మా యాస ఎక్కడ నేర్చుకున్నారు?"

"రాజోల్లోనండీ."

ఉద్యోగం వచ్చేసింది.

గ్లాస్గో ఆసుపత్రిలో ఫ్రేజర్ అని ఓ పెద్దాయన. పక్షవాతమొచ్చి మాట కలగాపులగమైపోయింది. ఏమంటున్నాడో కన్నకూతురికి కూడా అర్థంకాక, ఆయన సిగ్గుపడి గోడవైపు తిరిగి పడుకున్నాడు. వీరవేణి రోజూ డ్యూటీ దిగాక ఆయన పక్కన కుర్చీ వేసుకునేది. ఆయనొక ముక్క గొణిగితే, "ఆయ్." ఇంకో ముక్కకు, "ఆయ్." కొన్నాళ్ళకు ఆయన ఇటు తిరిగాడు. మరికొన్నాళ్ళకు కబుర్లు ఆపితే ఒట్టు.

"ఇంతకీ ఏవంటారే ఆయన?" అన్నాడు దుర్గేష్ ఫోన్లో.

"నాకేం తెలుసండీ! చెప్పేవాళ్ళకి వినేవాళ్ళొకరుండాలి కదండీ."



మొన్నో సాయంత్రం చెరువుగట్టు మీదుండగా వీరవేణి వీడియోకాల్ చేసింది. పక్కనే ఫ్రేజర్, ఆయన కూతురు. "నాన్నా, టీ తాగుతావా?" అని కూతురడిగింది. పెద్దాయన పెదాలు కూడదీసుకుని, గుండ్రంగా సాగదీసి అన్నాడు: "ఆయ్!"

"మా భాష తిరిగొచ్చేసింది!" అని ఆ అమ్మాయి గెంతులేసింది.

దుర్గేష్ ఫోను పైకెత్తి చెరువు పనివాళ్ళందరికీ చూపించాడు.

"ఆ సాగదీత విన్నారా? స్కాట్లాండుదంటే నేనొప్పుకోనండీ. అచ్చంగా మన రాజోలుదండి అది!"