కేబుల్ ఊడదీశాక పలికిన డిస్కు

సింహాద్రి అప్పన్న మీద ఒట్టేసి చెబుతున్నాను, ఇందులో ప్రతి మాటా నిజం. మా ఊరు బాన్ అక్యూయ్‌లో నా ఒట్లకి పెద్ద విలువ లేదని తెలుసు. నువెల్ ఫ్రాన్స్ ఊరి పొగమంచులో నా మోటారు సైకిల్ వెనక ఎక్కి కూర్చున్న తెల్లచీర మనిషి కథ నేను పుట్టించిందే. అందులో మంచు ఒక్కటే నిజం. దెయ్యాలని నేనెప్పుడూ నమ్మలేదు. నమ్మేవాడికి అంత బాగా కల్పించడం రాదు.

ఇది మాత్రం మా దీవి రాజధాని పోర్ట్ లూయీలో, పట్టపగలు, మా స్వాతంత్ర్యానికి కొన్ని నెలల ముందు జరిగింది.

రేవుకి ఎదురుగా చక్కెర మిల్లుల లెక్కలు చూసే ఆఫీసు మాది. అక్కడి కంప్యూటర్‌ని నేనూ, గాస్తోన్ అనే, ఆఫ్రికా మూలాలున్న క్రియోల్ స్నేహితుడూ నడిపేవాళ్ళం. పొద్దున్నే చిల్లుల కార్డుల నుంచి మూల ప్రోగ్రాము ఎక్కించాలి. ఇప్పటివాళ్ళు కెర్నెల్ అంటున్నారే, అలాంటిదే. అది ముందు మెమరీని, తర్వాత టైపు యంత్రాన్ని సిద్ధం చేసుకుని, చివర్లో డిస్కు కంట్రోలర్‌ని పలకరిస్తుంది. కంట్రోలర్ అంటే డిస్కు తరఫున మాట్లాడే పెట్టె. డిస్కు తిరుగుతోందని అది జవాబిస్తే కాగితం మీద ఒక మాట పడుతుంది. ఆ మాటని గాస్తోన్ సరదాకి మేమంతా మాట్లాడే క్రియోల్ భాషలో పెట్టాడు: "మో లా". నేనిక్కడే ఉన్నాను అని.

ఎన్నికల వేడిలో మాకు చెడింది. దేశం స్వతంత్రమైతే మా భారత సంతతివాళ్ళదే రాజ్యమై, తనలాంటి క్రియోల్‌లకి చోటుండదని అతని దిగులు. ఆఫీసంతా వింటుండగా నేనతన్ని పిరికివాడన్నాను. అతను గొంతు పెంచలేదు.

"భయమే, మో ఫ్రేర్," అన్నాడు. తోడబుట్టినవాడిలా నన్నెప్పుడూ అలాగే పిలిచేవాడు. "నీకు లేదు, నువ్వుండు."

ఆ తర్వాత పని మాటలే మిగిలాయి. కొన్నాళ్ళకి అతను ఉద్యోగం మానేసి ఆస్ట్రేలియా ఓడకి టికెట్ కొనుక్కున్నాడు.

ఓడ బయల్దేరే రోజు పొద్దున అమ్మ నా చేతిలో మామిడికాయ అషార్ సీసా పెట్టింది. ఆ పచ్చడంటే గాస్తోన్‌కి ప్రాణం.

"కోపం ఇంట్లో పెట్టి పో, బాబూ. చెయ్యి పట్టుకుని మాట్లాడి రా," అంది.

యంత్రాన్ని లేపేసి రేవుకి పరిగెత్తాలనుకున్నాను. అన్న మాట వెనక్కి తీసుకోవాలి, అంతే నాకు కావలసింది.

ఆ రోజే డిస్కు లేవలేదు. ప్రోగ్రాము అడుగుతోంది, కంట్రోలర్ పలకడం లేదు. కార్డులు మళ్ళీ ఎక్కించాను. డిస్కు పూర్తి వేగం అందుకోకముందే అడుగుతోందేమోనని, ఎదురుచూసే సమయం పెంచి చూశాను. కరెంటు ఇచ్చే వరస మార్చాను. ఏం చేసినా "సిద్ధంగా లేదు" అని కొట్టి ప్రోగ్రాము ఆగిపోతోంది.

చివరికి అన్నిటికీ కరెంటు ఆపి, కంట్రోలర్ నుంచి డిస్కుకి వెళ్ళే కేబుల్ ఊడదీశాను. పిన్నులకి పట్టిన మసి తుడిచి, లోపం ఎటువైపుందో చూద్దామని డిస్కుకి తప్ప మిగతా అన్నిటికీ కరెంటు ఇచ్చి, కార్డులు ఎక్కించాను. డిస్కు తిరగడం లేదు. కేబుల్ నా చేతిలోనే ఉంది.

టైపు యంత్రం కొట్టింది: మో లా.

అప్పుడే రేవులో ఓడ కూత వేసింది. గాస్తోన్ వెళ్ళిపోయాడు.

కేబుల్ తగిలించాక డిస్కు మామూలుగా పనిచేసింది. మర్నాడు కావాలనే ఊడదీసి చూశాను. "సిద్ధంగా లేదు" అనే వచ్చింది. ఆ తర్వాత ఎన్నిసార్లు ప్రయత్నించినా అంతే. బయటి నుంచి వచ్చిన ఇంజనీరు, లోపల పాత సంకేతం ఏదో మిగిలి ఉంటుందన్నాడు. కరెంటు మొత్తం ఆపేశాక ఎలా మిగిలిందని అడిగితే టీ తాగుదాం పదమన్నాడు. నాకు ఇప్పటికీ అంతుపట్టలేదు.

ఒట్టేశాను కాబట్టి ఇదీ చెప్పాలి. కేబుల్ సంగతి నిజం. నేను కల్పించింది ఓడ కూత.

ఆ అక్షరాలు పడ్డాక కూడా ఓడ చాలాసేపు రేవులోనే ఉంది. దాని పొగగొట్టం మా కిటికీలోంచి కనిపిస్తూనే ఉంది. కేబుల్ తగిలిస్తే చాలు, యంత్రానికి ఇక నాతో పని లేదు. నేను కుర్చీలోంచి లేవకుండా, శుభ్రంగా ఉన్న పిన్నుల్నే మళ్ళీ మళ్ళీ తుడుస్తూ కూర్చున్నాను.